డబ్బా మీది ఐదువందల పన్నెండు

కంప్యూటర్లు బాగుచేసే పని మానేసి కొంతకాలమైంది. మదర్‌బోర్డు మీది సన్న అక్షరాలు చదవాలంటే ఇప్పుడు భూతద్దం కావాలి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు సారపాకలో మా ఇంటికొచ్చి సలహా అడుగుతుంటారు. వాళ్ళకు నిజంగా కావలసింది సలహా కాదు, ఒక అంకె. "మధ్యరకం గేమింగ్ కార్డులో వీడియో మెమరీ ఎంతుండాలె మేడం?" అంటారు. అంకె చెబితే ఫోన్‌లో రాసుకుని, టీ చల్లారకముందే లేచిపోతారు. అందుకని చెప్పను. దానికి బదులు ఒక కథ చెబుతాను. సగం మంది మధ్యలోనే వెళ్ళిపోతారు. మిగిలిన సగం మందికి ఈ పని వచ్చే అవకాశం ఉంది.

చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది కాబట్టి, ఆ కథ ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇంజినీర్ గారు రాలేదా?

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. కొన్నాళ్ళు టీవీలు బాగుచేసి, రెండువేల సంవత్సరం దాటాక కంప్యూటర్ల వైపు వచ్చాను. భద్రాచలంలో రాజారావు గారి షాపులో సర్వీస్ ఇంజినీర్‌ని. రోజూ పొద్దున గోదావరి బ్రిడ్జి దాటి వెళ్ళేదాన్ని.

టూల్ బ్యాగు భుజాన వేసుకుని కస్టమర్ ఇంటికి వెళితే, తలుపు తీసినవాళ్ళు నా వెనక్కి తొంగి చూసేవారు. "ఇంజినీర్ గారు రాలేదామ్మా?" అనేవారు. నేనే ఇంజినీర్నంటే ఒకసారి బ్యాగును, ఒకసారి నన్ను చూసి, అయితే ముందు కీబోర్డు తుడవమనేవారు. దుమ్ముగూడెంలో ఒకాయన అయితే నేను చెప్పింది నమ్మక, ఇంజినీర్ వచ్చేదాకా కూర్చోమని కుర్చీ వేసి టీ ఇచ్చాడు. టీ తాగాను. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కంప్యూటర్ బాగుచేశాను. తిరిగొచ్చి, ఇంజినీర్ ఎప్పుడొచ్చి వెళ్ళాడని అడిగాడు. ఇప్పుడే వెళ్ళాడన్నాను. అక్కడ వాదన పెట్టుకుంటే సాయంత్రం బస్సు పోయేది.

రాజారావు గారు రాజమండ్రి వైపు మనిషి. కంప్యూటర్ల ముందు మిక్సీలు, గ్రైండర్లు అమ్మారు. కంప్యూటర్లనూ అలాగే అమ్మేవారు. మిక్సీకి ఎన్ని జార్లు, ఎన్ని వాట్లు అన్నట్టే, కంప్యూటర్‌కి ఎన్ని జీబీలు, ఎన్ని ఎంబీలు. మనిషి చెడ్డవాడు కాదు. వానాకాలంలో గోదావరి పెరుగుతోందని తెలిస్తే నన్ను మధ్యాహ్నమే ఇంటికి పంపేసేవారు. కానీ ఆయన ఏ వస్తువునూ విప్పి చూసిన పాపాన పోలేదు. డబ్బా చదివేవారు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఏముంటే అది ఆయనకు సత్యం. చిన్న అక్షరాలు అచ్చేసినవాడు తన సరదా కోసం వేసుకున్నవి.

ఆయన ఒక్కడే అలా ఉన్నారనుకోకండి. నా వృత్తిలో నేను చూసిన షాపు ఓనర్లలో చాలామంది అంతే. కొందరు డబ్బా కూడా చదవరు, బరువు చూసి అమ్ముతారు.

రెక్కల మనిషి వచ్చింది

అప్పట్లో మా దగ్గర అందరివీ పదిహేడు అంగుళాల మానిటర్లు. గేములు ఆడేవాళ్ళకు మధ్యరకం కార్డు అంటే రెండువందల యాభయ్యారు ఎంబీల వీడియో మెమరీ ఉన్నది. అంత ఉంటే ఆ తెరకు, ఆ రోజుల గేములకు దర్జాగా సరిపోయేది.

ఒకరోజు విజయవాడ నుంచి ఒక ఏజెంటు కొత్తరకం కార్డులు తెచ్చాడు. డబ్బా మీద రెక్కలున్న ఒక ఆడమనిషి, చేతిలో కత్తి, వెనకంతా మంటలు. మంటల మధ్య బంగారు రంగులో ఐదువందల పన్నెండు. దాని కింద, మంటల పొగలో కలిసిపోయేలా, "సపోర్టింగ్" అని ఒక చిన్న మాట. ధర మాత్రం మేము అమ్మే మధ్యరకం కార్డుదే.

మెమరీ రెట్టింపు, ధర అదే. రాజారావు గారికి ఆ రోజు భోజనం సహించలేదు, అంత సంతోషం. ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నాడో కనుక్కుందామని నేను అంటే, ఏజెంటు కంపెనీ మంచిదన్నారు. ఏ కంపెనీ అని అడిగితే రెక్కల మనిషిని చూపించారు.

ఇక్కడ ఆగి, వీడియో మెమరీ ఎందుకో చెప్పాలి. గేములో రోడ్డు, చెట్టు, కారు మీది రంగు, గోడ మీది మరక, అన్నీ బొమ్మలే. కార్డు వాటిని తన పక్కనే ఉన్న సొంత మెమరీలో పెట్టుకుని, క్షణక్షణం తీసి తెరమీద అతికిస్తుంటుంది. అవన్నీ అందులో పట్టకపోతే కంప్యూటర్‌లోని మామూలు మెమరీ నుంచి తెప్పించుకోవాలి. అది దూరం, దారి ఇరుకు. తెచ్చుకునేదాకా తెరమీది బొమ్మ ఆగుతుంది. ఇది ఒక జబ్బు. మెమరీ ఎంతున్నా, అసలు బొమ్మ గీసే చిప్పుకే సత్తువ లేకపోతే బొమ్మ ఆగదు కానీ, మొదటినుంచి చివరిదాకా ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఇది ఇంకో జబ్బు. రెండింటికీ మందు ఒకటి కాదు. ఈ నాలుగు ముక్కలు అర్థం కాకుండానే కార్డులు అమ్మి ఇళ్ళు కట్టినవాళ్ళను నేనెరుగుదును.

ఇమ్మానుయేల్ గేమ్ సెంటర్

ఆ కార్డులను మొట్టమొదట కొన్నది ఇమ్మానుయేల్. మా చర్చి మనిషే. పేపర్ మిల్లులో కాంట్రాక్టు మీద వెదురు దించే పని చేసేవాడు. నడుము పట్టేసి, ఇక బరువులు ఎత్తొద్దని డాక్టర్ చెప్పాక మానేశాడు. భార్య సువార్త దవాఖానాలో నర్సు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఇంట్లో కూర్చోలేక ఇమ్మానుయేల్ సారపాక రోడ్డు మీద ఒక గది కిరాయికి తీసుకుని, ఆరు కంప్యూటర్లతో గేమ్ సెంటర్ పెట్టాడు.

అతనికి గిరాకీ ఎవరో తెలిస్తే మీరు నవ్వుతారు. మిల్లు కాలనీ పిల్లలు సాయంత్రాలు వచ్చేవారు, అది సరే. పగలంతా వచ్చేది లారీ డ్రైవర్లు. జామాయిల్ కర్ర, వెదురు వేసుకొచ్చిన లారీలు సరుకు దింపడానికి మిల్లు గేటు ముందు వరసలో నిలబడేవి. వంతు వచ్చేదాకా డ్రైవర్లకు పనిలేదు. చెట్టు కింద పడుకుని పడుకుని విసుగొచ్చిన వాళ్ళు, ఇమ్మానుయేల్ దగ్గరికొచ్చి కార్ల రేసు ఆడేవారు. రోజంతా స్టీరింగ్ పట్టుకున్న మనుషులు, విశ్రాంతి దొరకగానే మళ్ళీ స్టీరింగే పట్టుకునేవారు. వాళ్ళలో టేకులపల్లి సోమయ్య అందరికంటే బాగా ఆడేవాడు. అతను ఆడుతుంటే మిగతావాళ్ళు ఆట మానేసి వెనక నిలబడి చూసేవారు.

కొత్త కార్డులు పెట్టిన వారానికే గోల మొదలైంది. కారు ఈడ్చుకుంటూ నడుస్తోంది, మలుపు దగ్గర బొమ్మ ఆగిపోతోంది, మళ్ళీ కదిలేసరికి కారు పొలంలో ఉంటోంది. సోమయ్య లేచి, "దీనికన్నా నా లారీ నయం, లోడు మీద కూడ గింతకన్న జల్దీ తిరుగుతది" అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అతను వెళితే మిగతావాళ్ళూ వెళ్ళారు. కాలనీ పిల్లలు పెద్ద మాటలేమీ అనలేదు, రావడం మానేశారు.

ఇమ్మానుయేల్ షాపుకొచ్చి మొరపెట్టుకున్నాడు. రాజారావు గారు ఒక్కోసారి ఒక్కో కారణం చెప్పారు. మొదట దుమ్మన్నారు. దుమ్ము దులిపాక కరెంటన్నారు. స్టెబిలైజర్ కొన్నాక వైరస్ అన్నారు. చివరికి, లారీ నడిపే చేతులకు గేము ఆడటం రాదన్నారు. డబ్బా మీద ఐదువందల పన్నెండు ఉన్నప్పుడు కార్డులో లోపం ఉండే ప్రసక్తే లేదు కదా.

నన్ను పంపేటప్పుడు దగ్గరికి పిలిచి, "చూడమ్మా కరుణా, వెళ్ళి విండోస్ మళ్ళీ వేసిరా. కార్డు గురించి ఎత్తకు" అన్నారు.

నాలుగు నల్ల బిళ్ళలు

నేను వెళ్ళేసరికి సెంటర్‌లో ఇమ్మానుయేల్, సువార్త తప్ప ఎవరూ లేరు. సువార్త డ్యూటీ దిగి, యూనిఫాంలోనే వచ్చి కూర్చుంది.

కంప్యూటర్ విప్పడానికి ముందు ఆట పెట్టి చూశాను. పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. స్క్రూడ్రైవర్ తర్వాత, ముందు చూడండి. ఖాళీ రోడ్డు మీద కూడా కారు నత్తలా పోతోంది. ఊరు రాగానే బొమ్మ ఆగుతోంది. గేము సెట్టింగుల్లో బొమ్మల నాణ్యత ఒక్కటే బాగా తగ్గించాను. ఆగడం పోయింది, నత్తనడక పోలేదు. అంటే కార్డుకు రెండు జబ్బులూ ఉన్నాయి. మెమరీ చాలడం లేదు, చిప్పుకు సత్తువా లేదు.

ఐదువందల పన్నెండు ఉన్న కార్డుకు మెమరీ చాలకపోవడమేమిటని కార్డు పీకి చూశాను. దాని మీద మెమరీ బిళ్ళలు నాలుగున్నాయి. వాటి మీది నంబరు చూస్తే ఒక్కోటి ముప్పైరెండు. మొత్తం కలిపితే నూట ఇరవయ్యెనిమిది. మిగతాదంతా కంప్యూటర్ మెమరీ నుంచి వాడుకుంటుందన్నమాట. పొగలో కలిసిపోయిన ఆ "సపోర్టింగ్" అనే మాటకు అర్థం అది. ఆ కంప్యూటర్లలో ఉన్న మామూలు మెమరీయే ఐదువందల పన్నెండు. కార్డు దాన్ని లాక్కుంటే విండోస్‌కు ఏం మిగులుతుంది?

ఇమ్మానుయేల్ కంప్యూటర్‌కు వీడియో కార్డు పెట్టుకోలేదు. కంప్యూటరే కార్డును సాకుతోంది.

నేను కార్డు తిప్పి తిప్పి చూస్తుంటే సువార్త అడిగింది.

"అక్కా, ఒక్క మాట చెప్పు. కార్డుల తప్పున్నదా, మాయన నడిపే తీరుల తప్పున్నదా?"

ఇమ్మానుయేల్ అటు తిరిగి గోడకేసి చూస్తున్నాడు. ఆమె గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. ఈ నెలాఖరుకు గది ఖాళీ చేద్దామని అనుకున్నారట. మేస్త్రీని కలిసి మళ్ళీ వెదురు దించే పనికి పోతానంటున్నాడట. నడుము సంగతి ఆమెకు తెలుసు, రోజూ దవాఖానాలో అలాంటి నడుములనే చూస్తుంది. తప్పు అతనిదైతే సర్దుకుంటుంది. కాకపోతే అతన్ని ఆ బరువుల కిందికి పంపదు. అది తేల్చుకోవడానికే కూర్చుంది.

విండోస్ మళ్ళీ వేసి ఇంటికి పోవచ్చు. రాజారావు గారు చెప్పిందీ అదే. కానీ ఆ మాట అడిగిన మనిషి ముందు కూర్చుని విండోస్ వేయడం నా వల్ల కాలేదు.

"కార్డుదే తప్పు" అన్నాను. "ఆరు కార్డులదీ."

ఇమ్మానుయేల్ ఇటు తిరిగాడు. కోప్పడతాడనుకున్నాను. స్టూలు మీద కూర్చుని, "నాకు రాదేమో అనుకున్ననక్కా" అన్నాడు. డబ్బాలు అమ్మేవాళ్ళు మనుషుల దగ్గర లాక్కునేది సొమ్మొక్కటే కాదని నాకు ఆ రోజు తెలిసింది.

ఆదివారం పందెం

మర్నాడు నేను జరిగింది చెప్పగానే రాజారావు గారు, "నువ్వు నా షాపులో పనిచేస్తున్నావా, వాళ్ళ షాపులోనా?" అన్నారు. ఇక రావద్దంటారేమో అనుకున్నాను. కానీ ఆయనకు నన్ను మాన్పించడం కంటే నన్ను ఓడించడం మీద ఆశ పుట్టింది. నువ్వు చెప్పే రెండువందల యాభయ్యారు గొప్పో, నా ఐదువందల పన్నెండు గొప్పో అందరి ముందు చూద్దామన్నారు. గెలిస్తే అదే పెద్ద ప్రచారమని ఆయన లెక్క. పక్క షాపులవాళ్ళను, జిరాక్సు ఆయన్ను, ఫ్లెక్సీలు వేసే ఆయన్ను, అందరినీ పిలిచారు. కూల్‌డ్రింకులు కూడా తెప్పించారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఇమ్మానుయేల్, సువార్త సోమయ్యను వెంటబెట్టుకుని వచ్చారు. కంప్యూటర్ ఒకటే, గేము ఒకటే, నడిపే మనిషి ఒకడే. మార్చేది కార్డు మాత్రమే.

మొదట రెక్కల మనిషి కార్డు. రాజారావు గారు డబ్బాను మానిటర్ పక్కన నిలబెట్టారు, అందరికీ అంకె కనబడేలా. సోమయ్య కూర్చున్నాడు. కారు ఊరి దాకా ఎలాగో ఈడ్చుకుంటూ వెళ్ళింది. మలుపు దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి కారు గోడకు ఆనుకుని ఉంది. జిరాక్సు ఆయన ముందు నవ్వాడు. రాజారావు గారు, వేడెక్కితే సర్దుకుంటుందన్నారు. ఇంకోసారి ఆడించారు. ఇంకో గోడ దొరికింది.

తర్వాత నేను సర్వీసు అలమారలో ఉన్న కార్డు పెట్టాను. మెమరీ రెండువందల యాభయ్యారే, కానీ అంతా సొంతం. చిప్పు కూడా గట్టిది. సోమయ్య మొదలుపెట్టాడు. ఊరు దాటాడు, మలుపు తిప్పాడు, వంతెన మీద ఒక కారును దాటాడు. గుమిగూడినవాళ్ళలో ఎవరూ కూల్‌డ్రింకు ముట్టుకోలేదు. రేసు అయ్యాక అతను వెనక్కి తిరిగి, "గిది బండి" అన్నాడు. ఇమ్మానుయేల్ భార్య వైపు చూడలేదు, ఆమె అతని వైపు చూడలేదు. ఇద్దరూ తెరనే చూస్తూ నిలబడ్డారు.

రాజారావు గారు మాత్రం అలమార వైపు చూసి నన్ను అడిగారు.

"దీని డబ్బా ఏదమ్మా?"

అది విడి కార్డని, డబ్బా లేదని చెప్పాను. ఆయన నమ్మలేదు. డబ్బా లేని వస్తువు ఇంత బాగా పనిచేయడం ఆయన జీవితంలో చూడలేదు.

అందరి ముందూ జరిగింది కాబట్టి ఇమ్మానుయేల్ కార్డులు వెనక్కి తీసుకోక తప్పలేదు. చాటుగా జరిగి ఉంటే తీసుకునేవారా అంటే, నేను అలా అనుకోను. వాటి బదులు రెండువందల యాభయ్యారువి ఇచ్చారు. ఏజెంటు మాత్రం తిరిగి తీసుకోలేదు. సపోర్టింగ్ అని డబ్బా మీద రాసి ఉందిగా సార్, మీరు చదవలేదా అన్నాడట. జీవితమంతా డబ్బాలు చదివిన మనిషికి ఆ మాట గట్టిగానే తగిలింది.

ఆ ఆరు కార్డులను నేను ఫ్లెక్సీ షాపులకు, టైపింగ్ సెంటర్లకు పంపించాను. అక్షరాలు కొట్టడానికి, ఫొటో అతికించడానికి అవి బంగారంలా పనిచేశాయి. ఆ కార్డులు పుట్టిందే అలాంటి పనికి. వాటి చేతిలో కత్తి పెట్టి, రేసుకు పంపినవాడిదే పాపం.

ఊరంతా తిరగబడింది

ఇక్కడితో కథ అయిపోతే నేను మంచిదాన్ని, ఆయన మొండివాడు అని తేలేది. అలా తేలే కథలను నమ్మకండి.

ఇమ్మానుయేల్ సెంటర్ నిండింది. లారీ డ్రైవర్లు తిరిగొచ్చారు. ఆ ఆదివారం సంగతి బ్రిడ్జికి అటూ ఇటూ పాకింది. పాకి పాకి, చివరికి మిగిలింది ఒక్క మాట: మెమరీ దండగ, తక్కువున్నదే స్పీడు. దుమ్ముగూడెం నుంచి ఒకాయన వచ్చి, అన్నిటికంటే తక్కువ మెమరీ ఉన్న కార్డు కావాలన్నాడు. ఇంకొకాయన తన కంప్యూటర్‌లో ఉన్న మెమరీలో సగం పీకేసి, ఇప్పుడు అసలే లేవడం లేదని మోసుకొచ్చాడు. నేను చిప్పు గురించి, సొంత మెమరీ గురించి గంటలకొద్దీ చెప్పింది ఎవరికీ గుర్తులేదు. పెద్ద అంకెను పూజించడం మానేసి చిన్న అంకెను పట్టుకున్నారు.

రాజారావు గారు అందరికంటే ముందు తేరుకున్నారు. మంచి కార్డులన్నిటినీ డబ్బాల్లోంచి తీయించి, విడిగా అద్దాల బీరువాలో పెట్టించారు. "ఇది డబ్బా లేని సరుకండి, అసలైనది" అని అమ్మడం మొదలుపెట్టారు. నన్ను మెచ్చుకుని, నీవల్లే నాకు బుద్ధొచ్చిందమ్మా అన్నారు. ఆయనకు వచ్చింది బుద్ధి కాదని ఎలా చెప్పను?

మళ్ళీ ఇమ్మానుయేల్

కొంతకాలం గడిచింది. వెడల్పు మానిటర్లు వచ్చాయి. గేములు మారాయి. ఒక రోడ్డు, నాలుగు చెట్లతో సరిపెట్టుకునే ఆటలు పోయి, ఊరికి ఊరే తెరమీద ఉండే ఆటలు వచ్చాయి. ఎటు కావాలంటే అటు తిరగొచ్చు, ప్రతి సందులో వేరే గోడలు, వేరే బోర్డులు. భద్రాచలంలో వెడల్పు తెరలతో కొత్త గేమ్ సెంటర్ వెలిసింది. కాలనీ పిల్లలు బ్రిడ్జి దాటి అక్కడికి పోవడం మొదలుపెట్టారు.

ఇమ్మానుయేల్ కూడా వెడల్పు మానిటర్లు తీసుకున్నాడు. కార్డులు మార్చడానికి షాపుకొచ్చి, మనదే ఇవ్వు అక్కా, రెండువందల యాభయ్యారు అన్నాడు. చిప్పు కొత్తది ఎంచుకున్నాడు, మంచిదే. కానీ అదే చిప్పుతో సొంతంగా ఐదువందల పన్నెండు ఉన్న కార్డు కూడా వచ్చింది. ఈ తెరకు, ఈ ఆటకు అది కావాలన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు.

"అక్కా, గీ మాట నువ్వే చెప్తున్నవా?"

నేను మళ్ళీ మొదటినుంచి వివరించాను. తెర పెద్దదైతే కార్డు ఎక్కువ గీయాలి, ఊరు పెద్దదైతే ఎక్కువ బొమ్మలు పెట్టుకోవాలి, ఈసారి నిజంగానే చోటు చాలదు అన్నాను. అతను తలూపుతూ విన్నాడు కానీ, కళ్ళు నా భుజం మీదుగా రాజారావు గారి వైపు పోతున్నాయి. ఆయనే నాతో చెప్పిస్తున్నాడని అనుకున్నాడు. పైగా రాజారావు గారు కూడా అప్పుడే కల్పించుకుని, చిన్నదే బాగుంటుందయ్యా, మన భద్రాచలమంతా అదే వాడుతోంది అన్నారు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ వృత్తిలో ఉన్నాను. కస్టమరూ ఓనరూ కలిసి నా మీదికి వచ్చిన రోజు అదొక్కటే.

చివరికి సువార్తే తేల్చింది. ఆమెకు సెలవున్న రోజు రెండు రకాల కార్డులూ ఒక్కొక్కటి తీసుకుని రమ్మంది.

వెళ్ళాను. బొమ్మల నాణ్యత తగ్గిస్తే ఏమవుతుందో, పెంచితే ఏమవుతుందో చూపిస్తానని మొదలుపెట్టాను. ఆమె ఆపింది. ఏది ఏదో చెప్పొద్దు, అక్కా, నువ్వు పెట్టి పక్కకు జరుగు, మా ఆయనకు కూడా చెప్పకు అంది. అంతకుముందు ఒక్కసారి కూడా గేము ఆడని మనిషి. మౌసు ఎటు పట్టుకోవాలో ఇమ్మానుయేల్ చూపించాడు. తెరమీది మనిషిని ఆమె మెల్లగా బజారులోకి నడిపించింది, సందుల్లో తిప్పింది, గోడ మీది బోర్డులు చదివింది. మనుషులను గుద్దుకున్నప్పుడల్లా అయ్యో అని పక్కకు జరిపింది. ఎవరినీ కొట్టలేదు, ఎవరి కారూ ఎత్తుకుపోలేదు. ఆ ఆటను అంత మర్యాదగా ఆడినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

కార్డు మార్చాను. మళ్ళీ అదే బజారు, అవే సందులు. ఇంకోసారి మార్చమంది, మార్చాను.

"మొదటిది సందు మలుపుకాడ ఆగి చూస్తున్నది. ఖాళీ జాగల మంచిగనే పోతున్నది గని, బజార్లకు రాంగనే నిలబడ్తున్నది. రెండోదానికి ఆ ఆగుడు లేదు. ఏదేంది, ఇప్పుడు చెప్పు" అంది.

మొదటిది రెండువందల యాభయ్యారు, రెండోది ఐదువందల పన్నెండు అన్నాను. మొదటిదాన్ని మళ్ళీ పెట్టి, బొమ్మల నాణ్యత తగ్గించి చూపించాను. ఆగడం పోయింది, కానీ గోడలన్నీ బురద పూసినట్టయ్యాయి. ఆ బురదను చూడటానికి కాలనీ పిల్లలు బ్రిడ్జి అవతలి సెంటర్ మానేసి ఎందుకొస్తారు?

ఇమ్మానుయేల్‌కు కార్డు గురించి అనుమానం తీరింది. ఇప్పుడు నా గురించి అనుమానం పట్టుకుంది.

"మరి అప్పుడు షాపుల నువ్వు చూపెట్టింది అబద్ధమా?"

"నిజమే. ఆ తెరకు, ఆ ఆటకు నిజం. ఆ రెక్కల మనిషి డబ్బాలో ఉన్నది సొంత మెమరీ కూడా కాదు."

"ఇంక రెండేండ్లకు ఇది కూడ అబద్ధమైతదా?"

"కావచ్చు."

"గిట్లయితే నిన్ను ఎట్ల నమ్మాలె అక్కా?"

నేను ఏదో చెప్పబోయాను. ఇన్నేళ్ళుగా అతని కంప్యూటర్లు చూస్తున్నదాన్ని, ఆ కార్డుల కోసం ఓనర్‌ని ఎదిరించినదాన్ని. కొంచెం మనసు కష్టపెట్టుకునే హక్కు నాకుందనుకున్నాను. సువార్త మౌసు పక్కన పెట్టి లేచింది.

"ఆమెను నమ్మకు. రాజారావు సారును అసలే నమ్మకు. కూసొని ఆడి చూడు."

అని, నాకు టీ తేవడానికి బయటికి వెళ్ళింది. ఇమ్మానుయేల్ ఆమె ఖాళీ చేసిన కుర్చీలోకి జరిగి, తెరమీది మనిషిని మళ్ళీ బజారు మొదటికి తీసుకొచ్చాడు.